మెత్తని నీళ్ళు

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. ఆ వార్త పేపర్లో పడగానే గేదెలున్నవాళ్ళు తల పట్టుకుంటారు, చాకిరేవుల వాళ్ళు విసుక్కుంటారు. ఆ ఏప్రిల్లో డెల్టా మొత్తం మీద ఆ వార్త చదివి సంతోషించిన మనిషి బహుశా కాశీరావు ఒక్కడే. పేపరు మడిచి బల్ల మీద పెట్టి, మళ్ళీ విప్పి చదివాడు. జూన్‌లో బ్యారేజీ దగ్గర తలుపులెత్తి నీళ్ళు వదిలేదాకా ఏలూరు కాలవ ఎండిపోయి ఉంటుంది. అందాకా అతని భార్య పేరమ్మ బట్టల మూట నెత్తిన పెట్టుకుని కాలవకి వెళ్ళడానికి వీల్లేదు. ఆ లోపల నీళ్ళని మెత్తబరిచే యంత్రం ఇంట్లో పెట్టించేస్తే, కాలవ మళ్ళీ పారినా ఆమెకి అక్కడ పనుండదు. యంత్రం అప్పటికే మద్రాసులో లారీ ఎక్కిందని కంపెనీ వాళ్ళు రాశారు కూడా.

కాశీరావు విజయవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. బందరు పక్క గిలకలదిండి వాళ్ళది. వలలు లాగిన వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. రామవరప్పాడు దాటాక కొత్తగా పడుతున్న ప్లాట్లలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు కుదిరింది గానీ బోరు నీళ్ళు కుదర్లేదు. సబ్బు రుద్దితే నురగకి బదులు తెల్లటి తెట్టు తేలేది. కందిపప్పు ఎంత ఉడికించినా పలుకులు పలుకులుగానే ఉండేది. కాగు అడుగున సున్నం పెచ్చులు కట్టేది. తలంటుకుంటే జుట్టు కొబ్బరి పీచయ్యేది. అతను సీసాడు నీళ్ళు లాబ్‌కి పట్టుకెళ్ళి కాఠిన్యం ఎంతుందో పరీక్ష చేశాడు. వచ్చిన అంకె చూసి తనే ఎక్కడో పొరపడ్డాననుకుని మళ్ళీ చేశాడు. పొరపాటు లేదు.

పేరమ్మ మాత్రం నీళ్ళ గురించి ఏనాడూ ఏమీ అనలేదు. ఆమె అతని మేనమామ కూతురు. ఉప్పు బావుల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కాలవ నీళ్ళే ఎక్కువ. పొద్దున్నే ఇంటి పని తెముల్చుకుని బట్టలు మూటగట్టి కాలవకి వెళ్ళేది. వచ్చేటప్పుడు పప్పు ఉడకడానికి ఓ బిందెడు తెచ్చుకునేది. ఆ వేళకి కాశీరావు కాలేజీలో ఉండేవాడు గనక, ఇదంతా అతనికి విన్న సంగతే తప్ప చూసిన సంగతి కాదు.

చూసింది జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో. నెలల తరబడి కాలేజీలు మూసేస్తే ఇంట్లో కూర్చున్నాడు. పిల్లలు లేని ఇల్లు. పేరమ్మ వెళ్ళిపోయాక గోడ గడియారం తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని ఆమె రాక కోసం చూసేవాడు. వీధి మలుపులో కనపడేది, పక్కన శౌరమ్మ. శౌరమ్మ గుణదల నుంచి వచ్చే క్రైస్తవుల ఆడమనిషి, కాలవ గట్టున కలిసిన స్నేహం. ఏ మాట మీదో ఇద్దరూ వంగి వంగి నవ్వుతూ వచ్చేవాళ్ళు. పేరమ్మది పెద్ద నవ్వు. సముద్రపు ఒడ్డున ఆడవాళ్ళు గాలి హోరులో వినపడాలని గొంతెత్తి నవ్వే నవ్వు. గేటు గొళ్ళెం మీద చెయ్యి పడేసరికి అది ఆగిపోయేది. మూట దింపి, "కాఫీ పెట్టనా బావా" అనేది. అంతే. మళ్ళీ సాయంత్రం దాకా ఆ ఇంట్లో మాట ఉండేది కాదు.

గేటు దగ్గర ఆ నవ్వు ఎందుకు ఆగుతోందో అతను ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. మనసు అసలు నొప్పి ఉన్న చోట వేలు పెట్టనివ్వదు. పక్కన చూపించి ఇదుగో ఇక్కడే అంటుంది. కాలేజీలో పనిచేసేవాడి భార్య రోడ్డు పక్క కాలవలో మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి బట్టలు బాదుతోంది, గన్నవరం బస్సుల్లో పోయే తన విద్యార్థులు చూస్తున్నారు. కాశీరావు వేలు అక్కడ ఆగింది. వెళ్ళొద్దని నోటితో అనలేడు. అంటే ఎందుకని అడుగుతుంది. కాబట్టి నీళ్ళని మార్చాలి.

ముందు సున్నం, చాకలి సోడా కలిపి డ్రమ్ములో తేర్చి చూశాడు. లాబ్‌లో గాజు గ్లాసులో అద్దంలా వచ్చిన నీళ్ళు ఇంట్లో డ్రమ్ములో కుడితిలా వచ్చాయి. తర్వాత రైలింజన్ల బాయిలర్లకి నీళ్ళు మెత్తబరిచే ప్లాంటుని తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళి చూశాడు. అది మేడంత ఉంది. చివరికి బొంబాయి నుంచి, మద్రాసు నుంచి కేటలాగులు తెప్పించుకుని, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని రోజుల తరబడి తూకం వేశాడు. బొంబాయి వాళ్ళది చూడ్డానికి బాగుంది, కానీ చెడితే బాగుచేసేవాడు బొంబాయిలోనే ఉంటాడు. మద్రాసు వాళ్ళది ఆకుపచ్చ రంగేసిన ఇనుప సిలిండరు. లోపల తేనె రంగు పూసలు, ఆవాలంతవి. నీటిలోని సున్నాన్ని ఆ పూసలు పట్టుకుంటాయి. అవి నిండిపోయినప్పుడు ఉప్పునీళ్ళు పోసి కడిగితే సున్నం వదిలి మళ్ళీ పనికి వస్తాయి. ఈ సంగతంతా బొమ్మ గీసి పేరమ్మకి చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ విని, "నీ ఇష్టం బావా" అంది. దాన్ని అతను ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాడు.

సిలిండరు వచ్చింది. బిగించాల్సిన ఆమోసు రాలేదు. ఆమోసు పటమటలో పేరున్న ప్లంబరు. కాశీరావు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి అడిగితే, శ్రమదినాలు నడుస్తున్నాయనీ, తను చర్చిలో పాట గుంపులో ఉన్నాననీ, ఈస్టరు వెళ్ళేదాకా పైపు ముట్టననీ చెప్పాడు. ఈస్టరు వెళ్ళాక వచ్చి, కేటలాగులో ఉన్న పైపు సైజుకీ ఇంట్లో ఉన్న పైపు సైజుకీ పొత్తు లేదని కనిపెట్టి, రెండు పైపుల్నీ కలిపే ముక్క కోసం బజారుకి వెళ్ళి, ఆ పూటకి మళ్ళీ కనపడలేదు. అన్నీ కలిపి, జనపనార చుట్టి, తెల్ల సీసం పూసి బిగించాక, కొళాయి తిప్పితే నూలుపోగంత ధార వచ్చింది.

ఆమోసు ఆ ధారని కాసేపు చూశాడు. "ఈ నీళ్ళతో స్నానం అంటే సార్, మీరు పొద్దున మొదలెడితే కాలేజీ వదిలే టైముకి వీపు తడుస్తదండి" అన్నాడు.

మున్సిపాలిటీ కొళాయికి ఉండే ఒత్తిడిని లెక్కలో పెట్టుకుని చేసిన యంత్రం అది. డాబా మీద తొట్టి దానికి ఆనలేదు. డాబా మీద ఇటుకలతో స్తంభాలు కట్టించి, వాటి మీదికి ఇనప డ్రమ్ము ఎక్కించాల్సి వచ్చింది. కిందనుంచి చూస్తే ఇంటికి కొమ్ములు మొలిచినట్టుంది. ఆ దిక్కుమాలిన పనుల్లో మే నెల కరిగిపోతోంది. ఎండిన కాలవలో కూలీలు పూడిక తీస్తున్నారు. రోజూ సైకిలు మీద పోతూ వాళ్ళ పని ఎంతదాకా వచ్చిందో చూసుకునేవాడు కాశీరావు. పరీక్ష దగ్గరపడిన కుర్రాడు కేలెండరు చూసినట్టు.

ఆ రోజుల్లోనే పేరమ్మ అన్న పోలరాజు చూడ్డానికి వచ్చాడు. బందరులో ఎండుచేపల వ్యాపారం అతనిది. సిలిండరు చుట్టూ తిరిగి, దీనికి తిండి ఏం పెట్టాలని అడిగాడు. ఉప్పు అని చెప్పగానే ముఖం విప్పారింది. ఉప్పుకి కొట్టుకి వెళ్ళడం ఏం ఖర్మ, మన ఇంట్లో ఉప్పుకి కరువా అన్నాడు. ఆ వారమే బందరు బస్సు మీద ఓ గోనె బస్తా దిగింది. కాశీరావు దాన్ని విప్పి, గుప్పెడు తీసి చూశాడు. కాస్త బూడిద రంగుగా ఉంది. కళ్ళుప్పు అలాగే ఉంటుంది. నీళ్ళలో కరిగించి సిలిండరులో పోశాడు. కడిగాడు. వచ్చే నీళ్ళని నాలిక మీద వేసుకుని ఉప్పదనం పోయేదాకా వదిలేశాడు. తర్వాత పరీక్ష నాళికలో పట్టి సబ్బు ద్రావణం వేసి ఊపితే, పాలపొంగులా నురగ లేచింది. ఎంతసేపున్నా విరగలేదు. అతను ఆ నాళికని పట్టుకుని వంటింట్లోకి నడిచాడు.

"చూడు" అన్నాడు.

"బాగుంది బావా" అంది పేరమ్మ. ఆమె చేతిలో పిండి ఉంది.

మర్నాడు పరీక్షల పని మీద కాలేజీకి వెళ్ళినప్పుడు డిపార్టుమెంటు హెడ్డు రామకోటేశ్వరరావు గారితో చెప్పాడు. ఆయనా సూర్యారావుపేటలో ఉప్పు బోరుతో వేగుతున్నవాడే. ఓసారి చూస్తానని ఆదివారం రిక్షాలో వచ్చారు. పన్నెండేళ్ళ సర్వీసులో హెడ్డు అతని గుమ్మం తొక్కడం అదే మొదలు. కాశీరావు కొత్త సబ్బు విప్పి, కొత్త తువాలు తీసి, కొళాయి తిప్పి పక్కన నిలబడ్డాడు. ఆయన చేతులు తడిపారు. ముఖం మీద దోసెడు చల్లుకోబోయి ఆగారు. చేతుల్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ దూరంగా పెట్టుకున్నారు.

"కాశీరావ్, వాళ్ళు పంపిన పూసల రెసిను సరైందేనా? వేరే రకం కలిసిందేమో చూడవోయ్. కొన్నిట్లో ఎమీన్లు ఉంటాయి. అవి కొంచెం..." అని సరైన మాట కోసం వెతుక్కున్నారు. "కొంచెం చేపల వాసన వేస్తాయి."

కాశీరావు దోసిట్లో నీళ్ళు పట్టుకుని వాసన చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ చూశాడు. నీళ్ళ వాసన. చల్లగా, కొత్త ఇనుము వాసన కొంచెం. తల ఎత్తేసరికి ఆయన మర్యాదగా డ్రమ్ము వైపు చూస్తున్నారు. కాఫీ వద్దన్నారు, ఇప్పుడే తాగి వచ్చారట. మంచినీళ్ళు కూడా వద్దన్నారు. తువాలు ముట్టుకోకుండా, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ రిక్షా ఎక్కారు.

ఆయన మాట నమ్మి కాశీరావు ఆ మధ్యాహ్నమంతా మద్రాసు కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. మీరు వేరే రకం పూసలు పంపారని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ వాసనేదో తన ముక్కుకి తెలిస్తే గానీ రాయడానికి చెయ్యి రాదు. ప్రతి వాక్యం దగ్గరా లేచి స్నానాల గదిలోకి వెళ్ళి, దోసిలి పట్టి పీల్చి వచ్చేవాడు. పేరమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఏమైందని అడిగితే చెప్పాడు.

ఆమె కొళాయి తిప్పి తనూ వాసన చూసింది. తల అడ్డంగా ఊపింది. తర్వాత ఏదో తోచినట్టు గోనె బస్తా దగ్గరికి వెళ్ళి, మూతి విప్పి, లోపలిదాకా చెయ్యి పోనిచ్చి ఓ గుప్పెడు తీసింది. వెలుగులో పెట్టి వేలితో కలియబెట్టింది. ఉప్పు రాళ్ళ మధ్య వెండి రేకులాంటిది ఒకటి మెరిసింది. పొలుసు.

"గాబుల ఉప్పు బావా ఇది" అంది. చేపలు ఊరబెట్టి, దులిపిన ఉప్పు. చేపలు ఎండబెట్టే యార్డులో దాన్ని పారెయ్యరు, మళ్ళీ మళ్ళీ వాడతారు. పోలరాజు లెక్క ప్రకారం తినడానికి కానప్పుడు మంచి ఉప్పు ఎందుకు తగలెయ్యాలి? ఆమెకి నవ్వొచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు.

కాశీరావు నవ్వలేదు. "నీకు తెలిసే ఊరుకున్నావా?"

"తెలిస్తే చెప్పనా? నాకూ వాసన రాలేదు." నవ్వు ఆపుకుని కళ్ళు తుడుచుకుంది. "మనకి రాదు బావా."

అతనికి తగిలింది ఆ మాట. రాకపోవడం కాదు, 'మనకి' అనడం. చేపల వాసన రాకూడదని చొక్కాలకి అత్తరు రాసుకున్న ఏళ్ళు, స్టాఫ్‌రూములో కేరేజీ విప్పేముందు పక్కకి జరిగిన ఏళ్ళు, అన్నీ ఒక్కసారిగా పనికిమాలినవై పోయాయి. ఎవరికి ఎంత తెలుసో తనకెప్పటికీ తెలియదు. చూసుకోవాల్సిన ముక్కే తనది కాదు. బస్తాని కాలితో తన్నాడు. ఇంత నవ్వాల్సినదేముందని గట్టిగా అరిచాడు. పేరమ్మ నవ్వు ఆగింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినడం అదే మొదటిసారని, అరిచిన తర్వాత గాని అతనికి తట్టలేదు.

కొట్లో తెల్ల ఉప్పు కొనుక్కొచ్చి కడిగాడు. ఆ పూసలు సున్నాన్నే కాదు, వాసననీ పట్టుకుంటాయి, పైగా దాన్ని తేలిగ్గా వదలవు. మళ్ళీ కడిగాడు. వాసన పోయిందో లేదో తేల్చుకోవడానికి వేరే మనిషి కావాలి. సిగ్గు చంపుకుని ఆమోసుని పిలిపించాడు. ఆమోసు చెంబుడు నీళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "కూర దించొచ్చు సార్, ఇంకో ఉడుకు చాలు" అన్నాడు. ఇంకో మూడు ఉడుకులయ్యాక, ఇప్పుడు ఒట్టి నీళ్ళేనండి అని ఒప్పుకున్నాడు.

అప్పటికి జూన్ వచ్చింది. యంత్రం కేటలాగులో చెప్పినట్టే పని చేస్తోంది. పప్పు వెన్నలా ఉడికింది. కాగు అడుగున పెచ్చు కట్టలేదు. అయినా పేరమ్మ స్నానానికి వెళ్తే బయటికి వచ్చేది కాదు. బకెట్ల మీద బకెట్లు పోసుకుంటున్న చప్పుడు వినపడేది. ఏమిటని అడిగితే, సబ్బు వదలట్లేదు, ఒళ్ళంతా చేప జిగురు పట్టినట్టు జారిపోతోంది అంది. మెత్తని నీళ్ళు అలాగే ఉంటాయి, అది శుభ్రమే, ఇన్నాళ్ళూ కరకరలాడిందే మురికి అని అతను పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆమె వింది. మర్నాడూ అన్ని బకెట్లూ పోసుకుంది.

బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారు. ముందు ఎర్రటి బురద నీళ్ళు, చెత్తా చెదారం కొట్టుకుంటూ వచ్చాయి. నాలుగు రోజులకి తేటబడ్డాయి. ఆ పొద్దున కాశీరావు పళ్ళు తోముకుంటూ ఉండగా, పేరమ్మ వసారాలో దుప్పటి పరిచి దాని మీద బట్టలు వేస్తోంది. అతని చొక్కాలు, లుంగీలు, దిండు గలీబులు. వేసి నాలుగు కొసలూ ముడి వేసింది.

"ఇంట్లో నీళ్ళున్నాయిగా" అన్నాడు.

"ఉన్నాయి."

"మెత్తగా ఉన్నాయిగా."

"మెత్తగానే ఉన్నాయి. ఎవరు కాదన్నారు?"

"మరి ఎక్కడికి?"

పేరమ్మ మూట ఎత్తి తల మీద పెట్టుకుంది. మెడ సరిచేసుకుని అతని వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదే అతనికి కష్టంగా ఉంది. "పొద్దస్తమానం ఆ గొట్టంతో మాట్లాడమంటావా బావా?" అని, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

కాశీరావు గబగబా నోరు పుక్కిలించాడు. తర్వాత ఒంటి మీద చొక్కా విప్పి స్నానాల గదిలోకి వెళ్ళాడు. తనే చూపిస్తాడు. ఈ నీళ్ళతో ఎంత తేలిగ్గా ఉతకొచ్చో, మధ్యాహ్నానికి దండెం మీద తెల్లగా ఆరుతున్న చొక్కా ఆమెకి చెబుతుంది. బకెట్టులో ముంచి సబ్బు రుద్దాడు. అలవాటు కొద్దీ బోరు నీళ్ళకి రుద్దినంత రుద్దాడు. నురగ బకెట్టు దాటి, నేల మీద పడి, గుమ్మం దాకా పాకింది. జాడించాడు. నురగ. నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టాడు. మళ్ళీ నురగ. పిండితే చొక్కా చేతుల్లోంచి జారిపోతోంది. ఎన్ని జాడింపులైనా చివరి నీళ్ళు అనేవి రాలేదు. కొళాయి సన్నబడి, గుటకేసి, ఆగింది. డ్రమ్ము ఖాళీ. మోటారు వేద్దామని చూస్తే కరెంటు లేదు. తొమ్మిదిన్నరకి కాలేజీ. మిగతా చొక్కాలన్నీ మూటలో కాలవకి వెళ్ళాయి.

బనీను మీద తువాలు కప్పుకుని, సబ్బు చొక్కా ఉన్న బకెట్టు పట్టుకుని బయల్దేరాడు. వీధిలో ఎవరైనా చూస్తున్నారా అని కూడా చూసుకోలేదు. గట్టు ఎక్కకముందే ఆ నవ్వు వినపడింది. పేరమ్మదే. అందులో ఇంకా రెండు మూడు గొంతులు కలుస్తున్నాయి. శౌరమ్మ ఎవరినో అనుకరిస్తోంది కాబోలు, చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. వాళ్ళ చుట్టూ అలలు లేస్తున్నాయి.

అతను గట్టు మీద కనపడగానే శౌరమ్మ చేతులు దింపింది. ఎవరో పైట సర్దుకున్నారు. నవ్వు ఆగిపోయింది. ఒకరు చెబితే ఆగినట్టు కాదు, దీపం ముందుకి మనిషి అడ్డం వస్తే వెలుగు ఆగినట్టు. కాలవ నీళ్ళ చప్పుడు మాత్రం మిగిలింది.

శౌరమ్మే మాట కలిపింది. "అయ్యగారింట్లో మిషను మంచిదేనా అండీ? మా పేరమ్మ చెప్పింది" అంది. గొంతులో గౌరవం ఉంది. గౌరవం అడుగున నవ్వు దాక్కుని ఉంది. "మంచిదే" అన్నాడు కాశీరావు.

పేరమ్మ నీళ్ళలోంచి రెండడుగులు వేసి చెయ్యి చాచింది. అతను చొక్కా అందించాడు. ఆమె దాన్ని పారే నీళ్ళలో విదిలించింది. నురగ పొడుగ్గా సాగి, లాకుల వైపు కొట్టుకుపోయింది. రాయి మీద బాది, మళ్ళీ విదిలించి, పిండి, ఉండగా చుట్టి బకెట్టులో పడేసింది. ఎండలో ఇంటికి నడిచేలోపే ఆరుతుంది, తొడుక్కుని వెళ్ళు అంది. ఆమె చేతులు చకచకా, ధీమాగా ఉన్నాయి. ఆ చేతుల్ని ఇలా పనిలో ఎప్పుడు చూశాడో అతనికి గుర్తు లేదు.

అతను అక్కడే నిలబడ్డాడు. ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు, మర్యాదగా, బట్టలు చేతుల్లో ఆపుకుని. అతను వెళితే గానీ ఆ కథ ముందుకి సాగదు. పేరమ్మ కూడా ఎదురుచూస్తోంది. ఇంట్లో తను ఇన్నాళ్ళూ మెత్తబరచాలనుకున్నది ఏమిటో, ఏది మెత్తబడనే లేదో ఆ కాస్సేపట్లో అతనికి తెలిసింది. తెలిసినందువల్ల ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

"వస్తాను" అన్నాడు. ఎవరితోనో స్పష్టంగా లేదు.

గట్టు దిగి, తుమ్మ చెట్ల వెనక్కి వచ్చాక ఆగాడు. కాసేపటికి శౌరమ్మ గొంతు మొదలైంది. "మంచిదే" అంటోంది, అచ్చం అతని గొంతుతో, ఆ 'మం' దగ్గర కొంచెం నొక్కి. పేరమ్మ నవ్వు పగిలింది. ఆ వెనకే అందరివీ. కాశీరావు బకెట్టు నేల మీద పెట్టాడు. కాలేజీకి ఆలస్యమవుతోంది. అయినా ఆ నవ్వు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి విన్నాడు.